సరదాకి అన్న మాట కూడా సాక్ష్యమే

సినిమా అయిపోయాక, సీరియల్ ముగిసి ప్రకటనలు మొదలయ్యాక మన ఇళ్ళల్లో మొదట వినిపించేవి అభిప్రాయాలే. "బాగుంది" అని ఒకరు అంటారు. "మరీ సాగదీశాడు" అని ఇంకొకరు అంటారు. "ఆ రోజుల్లో అచ్చం అలాగే జరిగిందట" అని ఒకరు, "వాళ్ళంతా అంతే, మొదట్నుంచీ" అని మరొకరు. అన్నం వడ్డించుకుంటూ, పక్కలు వేసుకుంటూ, ఆటోలో వెళుతూ యథాలాపంగా అనేసే మాటలివి. అన్నవారు పది నిమిషాల్లో మరచిపోతారు. పక్కన కూర్చున్న పదేళ్ళ పిల్లవాడు మాత్రం మరచిపోడు.

ఇలా ఆలోచించకుండా అన్న మాటలకు మనిషి బాధ్యుడవుతాడా? తీర్పు చెప్పాలని కూర్చుని చెప్పిన మాట కాదు కదా, కాలక్షేపానికి అన్న మాటే కదా! దీనికీ లెక్క ఉంటుందా? చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్న వెనుక ఉన్న విషయం చిన్నది కాదు.

సినిమాలు చూడవచ్చా, చూడకూడదా, చూస్తే ఏవి చూడవచ్చు అన్నది వేరే చర్చ. దాని గురించి పండితులు చాలా చెప్పారు. అభిప్రాయాలు చెప్పడంలో మాత్రం చూసినవారికీ చూడనివారికీ తేడా లేదు. ఆ మాటకొస్తే "నేను చూడలేదుగాని విన్నాను" అంటూ మొదలయ్యే అభిప్రాయమే మరింత ధాటిగా ఉంటుంది. కాబట్టి ఈ నాలుగు మాటలు కంటి గురించి కాదు, నాలుక గురించి.

మూడు రకాల మాటలు

సినిమా గురించి మనం అనే మాటల్ని కాస్త విడదీసి చూద్దాం. మొదటి రకం మాటలు మన ఇష్టాయిష్టాలకు సంబంధించినవి. "నాకు నచ్చింది, నాకు నచ్చలేదు, పాటలు ఎక్కువయ్యాయి, చివర బాగా తీశాడు." ఈ మాట మనసులోని సంగతి చెబుతుంది. నిజంగా నచ్చితే నచ్చిందని చెప్పడంలో దోషమేముంది?

రెండో రకం మాటలు జరిగిన సంగతులకు సంబంధించినవి. "ఆయన అలా చేశాడు, అప్పుడు అలా జరిగింది." ఇక్కడ మనం ఇష్టాన్ని చెప్పడం లేదు, సమాచారం ఇస్తున్నాం. దానికి తెలిసి ఉండటం అవసరం.

మూడో రకం మాటలు మనుషులకు సంబంధించినవి. "ఆ ఊరివాళ్ళు అంతే, ఆ కులంవాళ్ళు అంతే, ఆ మతంవాళ్ళు అంతే." ఇది బతికి ఉన్న మనుషుల మీద చెప్పిన సాక్ష్యం. దానికి తెలిసి ఉండటం ఒక్కటే చాలదు, న్యాయం కూడా కావాలి.

చిక్కంతా ఎక్కడ వస్తుందంటే, ఈ మూడు రకాల మాటలూ ఒకే గొంతుతో, ఒకే ఊపులో వస్తాయి. మొదటి మెట్టు మీద మొదలైన మాట మూడో మెట్టుకు ఎప్పుడు చేరిందో అన్నవాడికే తెలియదు. "సినిమా బాగుంది" అన్నవాడే, అదే నోటితో, "చూశావా, వాళ్ళు ఎలాంటివాళ్ళో!" అంటాడు.

రాజవొమ్మంగి చెప్పే సంగతి

తూర్పు కనుమల కొండల్లో రాజవొమ్మంగి అనే ఊరు ఉంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు, ఆయన వెంట ఉన్న మన్యం వీరులు వరుసగా మూడు రోజులు మూడు పోలీసు స్టేషన్ల మీద దాడి చేశారు. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, రెండున్నర వేల తూటాలు వారి చేతికి చిక్కాయి. రాజవొమ్మంగి స్టేషన్‌లో బందీగా ఉన్న మొట్టడం వీరయ్యదొరను వారు విడిపించారు.

ఎందుకు చేశారు? 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అడవిని ప్రభుత్వపరం చేసింది. తరతరాలుగా పోడు కొట్టుకుని బతికినవారు తమ కొండ మీదే నేరస్థులయ్యారు. నర్సీపట్నం నుండి చింతపల్లికి రోడ్డు వేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ వారిచేత చాకిరీ చేయించి, కూలి సరిగా ఇవ్వలేదు. ఆకలి, అవమానం రెండూ కలిసి కొండలు భగ్గుమన్నాయి. రెండేళ్ళ తరువాత, 1924 మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజును విచారణ లేకుండా కాల్చి చంపారు.

ఇది చరిత్ర. ఇక తెర మీదికి వద్దాం. 1974లో కృష్ణ నూరవ చిత్రంగా "అల్లూరి సీతారామరాజు" వచ్చింది. ఆ తరం వారిలో చాలామందికి రాజు అనగానే మనసులో మెదిలేది కృష్ణ ముఖమే. 2022 మార్చి 25న "ఆర్‌ఆర్‌ఆర్" వచ్చింది. మరి పది రోజులకు, ఏప్రిల్ 4న, అల్లూరి పేరుతో కొత్త జిల్లా ఏర్పడింది. అప్పుడు రాజవొమ్మంగి ఆ జిల్లాలోనే చేరింది. ఆ సినిమాలో రామరాజు ఢిల్లీలో ఆంగ్లేయుల కొలువులో పోలీసు అధికారి. కొమరం భీమ్ అతని ప్రాణస్నేహితుడు. పోలీసు స్టేషన్ మీద దాడి చేసి తుపాకులు పట్టుకుపోయిన మనిషిని తెర మీద పోలీసు దుస్తుల్లో చూశాం!

ఇందులో సినిమా తప్పేమైనా ఉందా? ఇది కల్పిత కథ అని దర్శకుడు ముందే ప్రకటించారు. రాజు ఏనాడూ పోలీసు కాదు. ఆయనా భీమ్ కలుసుకున్నారనడానికి చరిత్రలో ఆధారం లేదు. ఆ సంగతి దాచి సినిమా తీయలేదు. కల్పన అని చెప్పి కల్పన చూపడం అబద్ధం కాదు. దాన్ని థియేటర్ నుండి మోసుకొచ్చి, ఇంట్లో పిల్లల ముందు "వాళ్ళిద్దరూ స్నేహితులు, రాజు మొదట పోలీసు" అని చెబితే మాత్రం అది అబద్ధమే. ఆ అబద్ధం సినిమాది కాదు, మనది.

"చెబితే ఏమైంది? ఎవరికి నష్టం?" అని అడగవచ్చు. నష్టం ఉంది. రాజవొమ్మంగి స్టేషన్ నుండి విడుదలైన వీరయ్యదొర పేరు ఆ అబద్ధంలో కొట్టుకుపోతుంది. గాం గంతందొర, గాం మల్లుదొర పేర్లు కొట్టుకుపోతాయి. పోడు, కూలి, అడవి చట్టం అన్నీ పోయి ఇద్దరు వీరుల పోరాట విన్యాసాలు మాత్రమే మిగులుతాయి. తమ తాతలు ఎందుకు చచ్చిపోయారో ఆ కొండ మనుషులకు తెలుసు. మనం చెప్పే కథలో ఆ కారణమే ఉండదు.

మన పాఠకులకు ఇంకొక మాట. ఆ రోజుల్లో పోలవరం డిప్యూటీ కలెక్టరుగా ఉన్న ఫజులుల్లాఖాన్ సీతారామరాజు పట్ల సానుభూతి చూపి, ఆయన పైడిపుట్టలో ఉండటానికి భూమి ఇప్పించాడు. మన ఇళ్ళల్లో ఎంతమందికి ఈ పేరు తెలుసు? సినిమా డైలాగులు మనకు నోటికి వచ్చు. మన చరిత్ర మాత్రం రాదు. తెలియని చోట తెలిసినట్టు మాట్లాడితే పోయేది ఇతరుల చరిత్ర ఒక్కటే కాదు, మనదీ పోతుంది.

రెండు చొక్కాలు

కథ చెప్పడం తప్పు కాదు. దివ్యఖుర్ఆన్ యూసుఫ్ (అ) వృత్తాంతాన్ని గాథలన్నిటిలోకీ ఉత్తమమైనదిగా పేర్కొంది. అందులో రెండు చొక్కాలు ఉన్నాయి. ఒక్కసారి వాటిని పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటి చొక్కాను అన్నలు తయారు చేశారు. తమ్ముణ్ణి బావిలో పడేసి, చొక్కాకు దొంగ నెత్తురు పూసి, ఏడుస్తూ తండ్రి ముందుకు తెచ్చారు. చూపించడానికి తయారు చేసిన దృశ్యం అది. దానికి తోడు కన్నీళ్ళూ ఉన్నాయి. కాని యాఖూబ్ (అ) కంటికి కనిపించిన దాన్ని బట్టి తీర్పు చెప్పలేదు. ఇది మీ మనసులు అల్లిన సంగతి అన్నారు, సహనం వహించారు.

రెండో చొక్కా ఈజిప్టు అజీజు ఇంట చిరిగింది. ఆరోపణ గట్టిగానే వచ్చింది. కాని ఆ ఇంటివారిలోనే ఒకరు, చొక్కా ముందు వైపు చిరిగిందో వెనుక వైపు చిరిగిందో చూడండి అన్నారు. చూశారు. నిజం బయటపడింది.

మన కళ్ళ ముందు రోజూ ఎన్నో చొక్కాలు పరుస్తున్నారు. తెర మీద నెత్తురు కనిపించగానే "అయ్యో, ఎంత ఘోరం చేశారు!" అనేస్తున్నాం. ఆ నెత్తురు ఎవరిదో, ఎవరు పూశారో, చొక్కా ఎటు చిరిగిందో అడిగేవారు తక్కువ.

2020 అక్టోబరులో "ఆర్‌ఆర్‌ఆర్" టీజర్ ఒకటి విడుదలైంది. అందులో కొన్ని క్షణాలు భీమ్ ముస్లిం టోపీతో కనిపించాడు. అంతే, సినిమా రావడానికి ఏడాదిన్నర ముందే వివాదం రాజుకుంది. హెచ్చరికలు కూడా వినిపించాయి. తీరా సినిమా వచ్చాక చూస్తే, అది అఖ్తర్ అనే పేరుతో అతను వేసుకున్న మారువేషం. కొన్ని క్షణాల దృశ్యం చూసి చెప్పిన తీర్పు ఏడాదిన్నరకు ఏమైందో చూశారా? ఆ వేడిలో మాట్లాడినవారిలో ఎందరు తమ మాట వెనక్కి తీసుకుని ఉంటారు? మాట ముందుకు పరుగెత్తుతుంది, సవరణ కుంటుతూ వస్తుంది. ఒక్కోసారి రానే రాదు.

రెండు త్రాసులు

ఇప్పుడు కాస్త కష్టమైన చోటికి వద్దాం. సినిమా మాట మన గుండెకు తగిలినప్పుడు మనం ఏమంటాం?

2023 మేలో "ద కేరళ స్టోరీ" విడుదలైంది. 32,000 మంది యువతులను మతం మార్చి తీసుకుపోయారన్న లెక్క దాని ప్రచారంలో మారుమోగింది. చివరికి 2023 మే 18న సుప్రీంకోర్టు ముందు నిర్మాత తరఫువారు ఒప్పుకోవలసి వచ్చింది. ఆ 32,000 లెక్కకు నమ్మదగిన ఆధారం లేదని, సినిమా కల్పిత రూపమని తెలిపే ప్రకటన చేర్చారు. కాని ఆ ప్రకటన చదివినవారెందరు? "సినిమాలో చూపించారు కదా" అని తమ ముస్లిం పొరుగువారిని, ముస్లిం విద్యార్థులను అనుమానంగా చూసినవారెందరు? ఆ చూపు మన పిల్లలకు ఎలా గుచ్చుకుంటుందో మనకు తెలుసు. "సినిమా చూసి మా మీద తీర్పు చెబుతారా?" అని మనం అడిగాం. అడగవలసిన ప్రశ్నే అది.

అయితే అదే ప్రశ్న మనల్ని మనం వేసుకున్నామా?

మన సినిమాల్లో "కోయదొర" అనగానే ఈకల టోపీ, పూసల దండలు, వింత భాష, జోస్యం చెప్పే వేషం. ఆ వేషం తెర మీద కనిపించగానే మన ఇళ్ళల్లోనూ నవ్వులే. పిల్లలు బడిలో ఆ మాట తీరును అనుకరిస్తారు. నల్లగా, బక్కగా ఉన్న తోటి పిల్లవాణ్ణి "కోయదొర" అని పిలుస్తారు. మనం వారించం. కోయదొరలు వేషం కాదు, మనుషులు. రాజవొమ్మంగి చుట్టూ ఉన్న కొండల్లో కోయదొరలు, కొండరెడ్లు, కొండదొరలు పంటలు పండించుకుంటూ, పిల్లల్ని చదివించుకుంటూ బతుకుతున్నారు. మన భాష యాసను, మన టోపీని, మన గడ్డాన్ని తెర మీద వెక్కిరిస్తే మనకు నొప్పి. వారి భాషను, వారి రూపాన్ని వెక్కిరిస్తే మనకు వినోదం! కొలిచి తీసుకునేటప్పుడు నిండుగా తీసుకుని, కొలిచి ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవారి దుర్గతిని ఖుర్ఆన్ ఒక సూరా ఆరంభంలోనే హెచ్చరించింది. ఆ హెచ్చరిక బియ్యం, పప్పులకే పరిమితమా? గౌరవాన్ని కూడా మనం కొలిచి ఇస్తున్నాం, కొలిచి తీసుకుంటున్నాం.

రెండో త్రాసు ఇంకా సూక్ష్మమైనది. కొమరం భీమ్ నిజాం ప్రభుత్వాన్ని ఎదిరించాడు. నీరు, అడవి, భూమి మావేనన్న గోండుల పక్షాన నిలబడి 1940లో జోడేఘాట్ వద్ద నిజాం పోలీసుల చేతిలో చనిపోయాడు. ఆ కథ తెర మీద వస్తే, పాలకుడు ముస్లిం కాబట్టి మనం ముఖం తిప్పుకోవాలా? 2024 మార్చిలో "రజాకార్" సినిమా వచ్చింది. ఆ సినిమా చూపించిందల్లా నిజమని ఒప్పుకోనక్కర్లేదు. అలాగని రజాకార్లు ఏ దౌర్జన్యమూ చేయలేదని చెబితే అదీ తప్పుడు సాక్ష్యమే. హైదరాబాదు భారతదేశంలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ముస్లిమే. ఆయన పేరు తెలిసినవాడు "ముస్లింలంతా రజాకార్లు" అనలేడు, "రజాకార్లు అమాయకులు" అని కూడా అనలేడు. ఒకే పేరు రెండు అబద్ధాలకూ అడ్డుపడుతుంది. తెలిసి ఉండటమంటే ఇదే.

సాక్ష్యం మీకే వ్యతిరేకమైనా, మీ తల్లిదండ్రులకూ బంధువులకూ వ్యతిరేకమైనా న్యాయం వైపే నిలబడమన్నది ఖుర్ఆన్ ఆదేశం. ఒక జాతి మీది కోపం మిమ్మల్ని అన్యాయానికి పురికొల్పకూడదన్నది కూడా దాని ఆదేశమే. ఈ రెండూ కలిస్తేనే త్రాసు సరిగా నిలుస్తుంది.

"సరదాకే కదా అన్నాను!"

ఇక్కడ ఒక న్యాయమైన సందేహం వస్తుంది. "అనాలోచితంగా నోట వచ్చిన ప్రమాణాలకు దేవుడు పట్టుకోడని, హృదయం ఉద్దేశించిన దానికే పట్టుకుంటాడని ఖుర్ఆనే చెప్పింది కదా! మరి సరదాగా అన్న మాటకు పట్టు ఎందుకు?"

మంచి ప్రశ్న. అయితే ఆ మినహాయింపు ఎక్కడిదో చూడండి. అది మనిషికీ అతని ప్రభువుకూ మధ్య ఉన్న ప్రమాణాల సంగతి. ఆ మాట వల్ల మూడో మనిషికి గాయం లేదు. సినిమా చూసి ఒక జాతి మీద విసిరిన మాటకు మూడో మనిషి ఉన్నాడు. అతను మన గదిలో లేడు. తన తరఫున జవాబు చెప్పుకోలేడు. మనకు సరదా, అతనికి నష్టం. రాయి విసిరినవాడి ఉద్దేశం ఆటే కావచ్చు, తగిలినవాడి తల మాత్రం ఆటగా పగలదు.

పైగా, ఆలోచించకుండా అన్న మాట గురించే మహాప్రవక్త (స) ప్రత్యేకంగా హెచ్చరించారు. దాసుడు పెద్దగా లెక్క చేయకుండా అన్న ఒక్క మాట అతన్ని నరకంలో పడవేయవచ్చని, అలాగే లెక్క చేయకుండా అన్న ఒక మంచి మాట అతని అంతస్తులను పెంచవచ్చని బుఖారీ హదీసు సారాంశం. గమనించండి, మాట యథాలాపంగా వచ్చిందన్నది అక్కడ సాకు కాలేదు. ఎందుకంటే ఆలోచించి అన్న మాట మన జాగ్రత్తను చూపుతుంది. ఆలోచించకుండా వచ్చిన మాట మనలో ముందే పేరుకుని ఉన్న దాన్ని చూపుతుంది. కుండలో ఏముందో ఒలికినప్పుడే కదా తెలిసేది!

ఇంకొక సంఘటన. హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి హజ్రత్ సఫియ్యా (రజి) పొట్టిదనాన్ని సూచిస్తూ ఒక మాట అన్నారు. ఆ మాటను సముద్రంలో కలిపితే సముద్రం నీరే మారిపోతుందని మహాప్రవక్త (స) అన్నారు. మరొకరిని అనుకరించి చూపినప్పుడు, ఎంత ఇచ్చినా తాను ఒకరిని అలా అనుకరించడానికి ఇష్టపడనని చెప్పారు. ఈ ఉదంతం అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. టీవీ హాస్య కార్యక్రమాల్లో లావుగా ఉన్నవారిని, పొట్టిగా ఉన్నవారిని, నత్తిగా మాట్లాడేవారిని అనుకరిస్తుంటే పొట్ట పట్టుకుని నవ్వి, మర్నాడు ఇంట్లో ఫుప్పూనో, కిరాణా కొట్టు మామూనో అలాగే అనుకరించి చూపే మనం ఈ ఉదంతం ముందు ఒక్క క్షణం ఆగాలి.

మరి నోరు మూసుకోవాలా?

అలా ఎవరూ చెప్పడం లేదు. మౌనం కొన్నిచోట్ల రక్షణ, కొన్నిచోట్ల పిరికితనం. ఎదుటివారు తెరను చూసి ఒక జాతిని నిందిస్తుంటే, తెలిసిన నిజాన్ని నెమ్మదిగా చెప్పకపోవడం సాక్ష్యాన్ని దాచడమే. పిల్లవాడు "అబ్బా, రామరాజు నిజంగా పోలీసా?" అని అడిగితే కసురుకోవడం తప్పించుకోవడమే. అదే చరిత్ర చెప్పడానికి మంచి అదను. "కాదు బేటా, ఆయన పోలీసు స్టేషన్ మీదకు వెళ్ళినవాడు. రాజవొమ్మంగిలో వీరయ్యదొర అనే ఆయన్ను విడిపించాడు. ఎందుకో చెబుతాను, విను" అని మొదలుపెట్టండి. ఆ సాయంత్రం సినిమాకంటే మంచి కథ మీ ఇంట్లో వినిపిస్తుంది.

దీనికి పెద్ద చదువులు అక్కర్లేదు. అభిప్రాయం చెప్పే ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. నేను చెబుతున్నది నా ఇష్టమా, జరిగిన సంగతా, మనుషుల మీద తీర్పా? జరిగిన సంగతి అయితే, సినిమా కాకుండా నాకు వేరే ఆధారం ఉందా? మనుషుల మీద తీర్పు అయితే, వారు ఈ గదిలో కూర్చుని ఉన్నా నేను ఇదే మాట, ఇదే గొంతుతో అనగలనా?

మూడో ప్రశ్న దగ్గర మన మాటలు సగం ఆగిపోతాయి. ఆగనివ్వండి. "అది నాకు తెలియదు" అనడంలో చిన్నతనం లేదు. తెలియని దాని వెంట పడవద్దని, చెవి, కన్ను, హృదయం అన్నిటి గురించీ ప్రశ్న ఉంటుందని ఖుర్ఆన్ చెప్పింది. తెర చూసిన కన్ను, డైలాగు విన్న చెవి, దాన్ని నమ్మిన హృదయం మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. మిగిలిన సగం మాటలు నిర్భయంగా చెప్పండి. నచ్చితే నచ్చిందనండి, లేకపోతే లేదనండి. అన్యాయం కనిపిస్తే, చేసినవారు ఎవరైనా, అన్యాయమనండి.

పెద్దగా లెక్క చేయకుండా అన్న మంచి మాట కూడా మనిషిని పైకి లేపుతుందన్న శుభవార్త మరవవద్దు. కొండ మనుషుల గురించి మీరు అన్నం ముందు అన్న ఒక గౌరవపు మాట మీ పిల్లవాడి నోట రేపు బడిలో పలకవచ్చు. అక్కడ ఒక కోయదొరల పిల్లవాడు తల ఎత్తుకుని కూర్చోవచ్చు. మీరు ఆ మాట అన్నట్టు మీకే గుర్తుండదు. రాసుకునేవారు మాత్రం రాసుకుంటారు.

అల్లాహ్ మన కంటికి విచక్షణను, నాలుకకు న్యాయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.